జ్వరం తగ్గింది, నిద్ర రాలేదు: ఉస్మానియా నుంచి తార్నాక దాకా ఒక కథ

ఈ ఎపిసోడ్‌ని రాత్రి రెండింటికి చూస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు మీకు నమస్తే. ఎందుకంటే ఈ కథ మీదే. ఒకప్పుడు నాది కూడా.

2021 మే నెల, సెకండ్ వేవ్. నేను అప్పుడు ఉస్మానియాలో రీసెర్చ్ స్కాలర్‌ని. హాస్టల్ ఖాళీ చేసి తార్నాకలో గది అద్దెకు తీసుకున్నా. కోవిడ్ వచ్చింది. ఐదు రోజులు జ్వరం, తర్వాత తగ్గింది. ఊర్లో మా అమ్మ కొబ్బరికాయ కూడా కొట్టింది. కానీ నిద్ర మాత్రం రాలేదు. తెల్లారి నాలుగింటికి కన్ను మూత పడేది, పగలంతా తల దిమ్ముగా ఉండేది. ఒక పేజీ చదివితే పైన ఏం చదివానో గుర్తుండేది కాదు. ఒక డాక్టర్‌కి చూపిస్తే "రిపోర్టులన్నీ నార్మల్, ఫోన్ తగ్గించు" అన్నారు. ఇంట్లోవాళ్లు "బద్ధకం పెరిగింది" అన్నారు. థీసిస్ ఆగిపోయింది. అన్నిటికంటే బాధ ఏంటంటే, నాకు నేనే బద్ధకస్తుణ్ణని నమ్మడం మొదలుపెట్టాను.

చరిత్ర చదివేవాణ్ణి కదా, ఆ రాత్రుల్లోనే వెతకడం మొదలుపెట్టాను. నాకంటే ముందు ఎవరికైనా ఇలా అయిందా?

మా యూనివర్సిటీ పుట్టింది 1918లో. అదే సంవత్సరం ఇన్‌ఫ్లుయెంజా ఓడల్లో బొంబాయికి దిగి, రైలెక్కి దేశమంతా తిరిగింది. చనిపోయినవాళ్లు కోటి ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా ఉంటారని రకరకాల అంచనాలు. మన జనాభా లెక్కల్లో దేశ జనాభా తగ్గిన దశాబ్దం ఒక్కటే ఉంది, అది 1911 నుంచి 1921. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్లే. ఉస్మానియాలో చేరాల్సిన వయసు అనుకోండి.

క్యాంపస్‌కి దగ్గర్లోనే నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ ఉంది. పాత హైదరాబాదీలు దాన్ని ఇప్పటికీ "కోరంటి దవాఖాన" అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో నలిగి కోరంటి అయింది. ఆ పేరులోనే అప్పటి ఆలోచన ఉంది: రోగిని విడిగా ఉంచు, జ్వరం తగ్గాక ఇంటికి పంపు. ఇంటికెళ్లాక రాత్రుళ్లు ఎలా గడిచాయి? అది రాసుకునే రిజిస్టర్ లేదు.

అయితే వియన్నాలో ఒకాయన గమనించాడు. పేరు కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకనోమో. 1917లో ఒక వింత మెదడు జబ్బు గురించి రాశాడు. కొందరు రోగులు రోజుల తరబడి నిద్రపోతూనే ఉన్నారు. కొందరికి అసలు నిద్రే లేదు. చనిపోయినవాళ్ల మెదళ్లు పరీక్షిస్తే, నిద్రే పట్టనివాళ్లకి హైపోథాలమస్ ముందు భాగం, అతిగా నిద్రపోయినవాళ్లకి వెనక భాగం దెబ్బతిని ఉంది. అంటే నిద్రకి మెదడులో ఒక చోటు ఉంది! ఆ జబ్బుకి కారణం వైరసేనా అన్నది ఇప్పటికీ తేలలేదు, నాకొచ్చింది అదీ కాదు. కానీ నిద్ర చెడటం అంటే మనిషి గుణం చెడటం కాదని నాకు మొదట చెప్పింది ఆయనే.

ఇప్పుడు తార్నాకకి వద్దాం. నా గదికి నడిచి వెళ్లేంత దూరంలో ఐఐసీటీ, ఎన్ఐఎన్ ఉన్నాయి, కాస్త ముందుకెళ్తే సీసీఎంబీ. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ వాళ్లు నగరం మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు వెతికి, దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చని అంచనా వేశారు. 2021 మొదట్లో సీసీఎంబీ, ఎన్ఐఎన్, భారత్ బయోటెక్ కలిసి 30 వార్డుల్లో సర్వే చేస్తే 54 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లలో చాలామందికి కోవిడ్ వచ్చి పోయిందన్న సంగతే తెలియదు. చూడండి, మురుగునీటిలో కూడా వైరస్‌ని లెక్కపెట్టగలిగాం. కానీ తార్నాకలో ఆ రాత్రి ఎన్ని గదుల్లో లైటు వెలుగుతోందో ఏ నీటి శాంపిల్ చెప్తుంది?

దానికి మనిషినే అడగాలి. అడిగే పద్ధతులు ఉన్నాయి కూడా. 1989లో వచ్చిన పిట్స్‌బర్గ్ నిద్ర సూచికలో 21 మార్కులు. ఐదు దాటితే నిద్ర బాగోలేదని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నాణ్యతను కొలవడానికి తయారుచేసిన 26 ప్రశ్నల్లో ఒకటి నేరుగా నిద్ర గురించే. 2021 అక్టోబర్‌లో అదే సంస్థ లాంగ్ కోవిడ్‌కి నిర్వచనం ఇచ్చింది: జబ్బు మొదలై మూడు నెలలైనా, కనీసం రెండు నెలలుగా వదలని లక్షణాలు, వేరే కారణం దొరకనివి. అది చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది. జబ్బుకి పేరు దొరికితే నిందకి చోటు తగ్గుతుంది.

ఎందుకిలా అవుతుంది? కారణం ఒక్కటి కాదు. జ్వరంతో పోరాడే రోగనిరోధక వ్యవస్థకి, నిద్రకి సంబంధం ఉంది. కొందరు వాడిన స్టెరాయిడ్లు నిద్రని చెడగొట్టగలవు. ఐసోలేషన్‌లో పగలూ రాత్రీ మంచం మీదే ఉండటంతో ఒంట్లో గడియారం తప్పుతుంది. పైన భయం.

నేను చేసింది చెప్తా. రెండు వారాలు నోట్‌బుక్‌లో నిద్ర లెక్క రాసి, ఇంకో డాక్టర్‌కి చూపించా. ఆమె ఆ నోట్‌బుక్ మొత్తం చదివింది. రోజూ ఒకే టైముకి లేవమంది. నిద్ర రాకపోతే మంచం దిగమంది. సాయంత్రం ఇరానీ చాయ్ మానేయమంది. సొంతంగా నిద్రమాత్రలు వద్దంది. ఫోన్ సంగతి ఆమె కూడా చెప్పింది, కాకపోతే చివర్లో. నాలుగైదు నెలలు పట్టింది. థీసిస్ ఏడాది ఆలస్యమైంది, కానీ పూర్తయింది.

ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరుచుకుంది. దాని మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. 1918లో బతికి బయటపడి, నిద్ర లేక నలిగినవాళ్లు మనకి ఒక్క ముక్క కూడా రాసి వెళ్లలేకపోయారు. మన చేతిలో నోట్‌బుక్ ఉంది, ఫోన్ ఉంది. మీ ఇంట్లో జ్వరం తగ్గినవాళ్లు ఎవరైనా ఉంటే, "తగ్గిందా?" అని అడిగి ఆగకండి. "రాత్రి నిద్ర పడుతోందా?" అని కూడా అడగండి.

మీ అనుభవం కింద రాయండి, నేను చదువుతా. ఇక ఫోన్ పక్కన పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.