ఆరోగ్యవరం జ్వరపట్టికలు

అప్పటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం మొదలైంది. క్రైస్తవ మిషన్లు కలిసి నడిపిన ఆ ఆస్పత్రికి డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ సారథి. క్షయకు అప్పటికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. మంచిగాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇంతే చికిత్స. శానటోరియం వైద్యమంటే జ్వరం చూసి రాసుకోవడం, బరువు తూచడం, కఫం పరీక్షించడం. దీన్ని మనం సేవాచరిత్రగానే చెప్పుకుంటూ వచ్చాం. అందులో దేహం లోపలి చరిత్ర కూడా ఉందని నా వాదన. ఆ పట్టికల్లోకెక్కిన జ్వరమూ చిక్కిపోవడమూ చాలావరకు క్రిమి మీద మన రక్షణ వ్యవస్థ చేసే యుద్ధపు ఫలితాలే. ఆ యుద్ధానికి కళ్లెం వేసే మార్గాల్లో ఒకటి, కణాలు తమ పైపొరమీద సంకేతాలను అందుకునే గ్రాహకాలను తెంచి రక్తంలోకి వదిలెయ్యడం.

ఆ యుద్ధంలో రక్షణ కణాలు వదిలే సంకేత ప్రోటీన్లలో ఒకటి టీఎన్‌ఎఫ్. మనిషిని చిక్కిపోయేలా చేసే ‘కాకెక్టిన్’, కణుతులను చంపే ఈ టీఎన్‌ఎఫ్ రెండూ ఒకటేనని 1985లో తేలింది. జ్వరపీడితుల మూత్రంలో టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే పదార్థమేదో ఉందని ఆ దశాబ్దం చివర్లో గమనించారు. వేరుచేసి చూస్తే అది టీఎన్‌ఎఫ్ గ్రాహకపు వెలుపలి భాగమే. కణం మీద ఉన్నప్పుడు సంకేతాన్ని లోపలికి చేర్చేది, తెగి ద్రవంలో తిరిగేటప్పుడు అదే టీఎన్‌ఎఫ్‌ను దారిలో పట్టేసి కణం దాకా పోనివ్వదు. చచ్చిన కణాల చెత్త రక్తంలో తేలడం వింతేమిటని అడగవచ్చు. న్యాయమైన సందేహమే. కానీ ఈ కోత కోసే ఎంజైమ్, ఆడమ్17, 1997లో దొరికింది. బతికున్న కణమే దాన్ని పని చేయిస్తుంది. 1999లో ఇంకో సాక్ష్యం వచ్చింది. ఈ గ్రాహకపు జన్యువులో లోపమున్న కుటుంబాల్లో జ్వరం పదేపదే తిరగబెడుతోంది, కొందరిలో గ్రాహకం సరిగా తెగడం లేదు. అన్ని లోపాలనూ ఈ ఒక్క కారణం వివరించదని తర్వాత తెలిసిన మాట నిజం. అయినా ‘చెత్త’ వాదానికి అక్కడ బలం పోయింది.

క్షయ దగ్గర ఈ విషయం మరీ చిక్కైనది. క్రిమిని గ్రాన్యులోమాలో, అంటే రక్షణ కణాలు దాని చుట్టూ కట్టే గూటిలో, బంధించి ఉంచాలంటే టీఎన్‌ఎఫ్ కావాలి. మితిమీరితే అదే ఊపిరితిత్తిని తినేస్తుంది. రోగకారక క్షయక్రిమి తాను దాగిన కణం చేత ఈ గ్రాహకాలను ఎక్కువగా వదిలించి, ఆ కణం చావకుండా చూసుకుంటుందని 1998లో ఒక పరిశోధన చూపింది. మన కళ్లేన్ని శత్రువు అందుకుందన్నమాట.

ఇంటిదగ్గర మందులు మింగినవాళ్లూ శానటోరియంలో ఉన్నవాళ్లూ సమానంగానే కోలుకున్నారని 1950ల చివర్లో మద్రాసు అధ్యయనం తేల్చింది కదా, ఇక ఆరోగ్యవరం దగ్గర నేర్చుకునేదేముంది అనేవారున్నారు. విశ్రాంతి మందుకు సాటి కాదన్నది ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ ఆస్పత్రి విశ్రాంతితో ఆగలేదు. దేశంలో బీసీజీ టీకా 1948లో మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. చుట్టుపక్కల పల్లెల్లో టీకా ఫలితాన్ని ఏళ్ల తరబడి వెంటాడి చూశారు. ట్యూబర్‌క్యులిన్ సూదికి చర్మం వాచిందా లేదా అన్నది అప్పటి కొలతల్లో ఒకటి. అది రక్షణ మేల్కొన్న సంగతి చెబుతుంది గానీ దాని అదుపు సంగతి చెప్పదు.

అదుపు విలువ మందులే తేల్చాయి. దేహం చేసే పనిని అనుకరించి, తెగిన గ్రాహకాన్ని ప్రతిరక్షకపు తోకకు అతికించి చేసిన ఎటానెర్సెప్ట్‌కు 1998లో కీళ్లవాతానికి అమెరికాలో అనుమతి వచ్చింది. టీఎన్‌ఎఫ్‌ను ప్రతిరక్షకంతో పట్టే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో నిద్రాణంగా ఉన్న క్షయ లేస్తోందని 2001లో బయటపడింది. ఎటానెర్సెప్ట్‌తోనూ ఆ ముప్పుంది, కానీ తక్కువని తర్వాతి రోగుల నమోదులు చూపాయి. అందుకే ఈ సూదులు మొదలుపెట్టే ముందు, తిరుపతిలోనైనా లండన్‌లోనైనా, రోగికి క్షయ పరీక్ష చేయించాలి.