వికలాంగ ప్రాణి – పోషకుని ఋణము

కఠోపనిషత్తు ఒక దానముతో ఆరంభమగుచున్నది. వాజశ్రవసుడు సర్వస్వమును దక్షిణగా ఇచ్చు యాగము చేయుచు గోవులను తోలించుచుండగా, కుమారుడైన నచికేతుడు వాటిని పరికించినాడు. అవన్నియు పాలుడిగి, ఈతలుడిగి, మేతకైనను ఓపిక చాలని ముదిగోవులు. ఇట్టి దానము తండ్రికి దుర్గతి హేతువగునని ఆ బాలుడు కలతచెందినాడు. ఈ ఘట్టమును మనము బ్రహ్మవిద్యకు ఉపోద్ఘాతముగా చదివి ముందునకు సాగుచుందుము. కాని అందులోనే ఒక ధర్మసందేహము ఇమిడియున్నది. మనకు సేవచేసి అశక్తమైన ప్రాణిని పరుల వాకిటికి తోలివేయుట దానమగునా? నచికేతుని కలతయే దానికి సమాధానము. అట్లైన ఆ ప్రాణి భారము ఎవరిది? మన దేశ చరిత్ర ఈ ప్రశ్నకు ఏమి చెప్పినదో విచారింతము.

కౌటిలీయార్థశాస్త్రము రెండవ అధికరణమునందు గోవుల పాలనకు గోఽధ్యక్షుడును, గుఱ్ఱముల పాలనకు అశ్వాధ్యక్షుడును విధింపబడినారు. గోఽధ్యక్షుని లెక్కలలో ‘భగ్నోత్సృష్టకము’ అను ప్రత్యేక విభాగమొకటి కలదు. రోగగ్రస్తములు, అంగవైకల్యము కలవి, అలవాటైన ఒక్కరికి తప్ప అన్యులకు పాలీయనివి, పిండుటకు కష్టమైనవి, దూడలు దక్కనివి ఈ విభాగమునకు చెందును. వీటిని నూరేసి చొప్పున గోపాలకులకు అప్పగింతురు. వారు వాటిని పోషించుచు, తగిన భాగమును మాత్రము రాజునకు చెల్లింతురు. దూడలకు, ముసలి పశువులకు, రోగము సోకిన వాటికి చికిత్స చేయుట గోపాలకుల విధి. ఇక గుఱ్ఱముల సంగతి. యుద్ధముచేతగాని, వ్యాధిచేతగాని, వార్ధక్యముచేతగాని పనికి అశక్తమైన గుఱ్ఱమునకు పోషణార్థమైన ఆహారము రాజశాలనుండియే అందవలెను. చికిత్సలో అశ్రద్ధవలన రోగము ముదిరిన యెడల, చికిత్సా వ్యయమునకు రెట్టింపు దండన విధింపబడినది.

ఈ గ్రంథము కరుణారసమునకు ప్రసిద్ధమైనది కాదు. చచ్చిన పశువు చర్మమునకు సైతము లెక్క అడుగునది. అట్టి గ్రంథమే కుంటిగుఱ్ఱపు మేతకు కూడ నియమము చేసియుండుట మనము గమనింపవలెను. సేవ ముగిసిన పిమ్మట పోషణ సాగవలెనను ధర్మము అచ్చట ఒకరి మనసు కరుగుటపై ఆధారపడలేదు. అది కోశాగారపు పద్దుగా నిలిచినది.

క్రీ.పూ. 3వ శతాబ్దమున అశోకుడు తన రెండవ శిలాశాసనమునందు మనుష్యచికిత్స, పశుచికిత్స అను రెండు విధముల చికిత్సలను ఏర్పాటు చేసితినని ప్రకటించినాడు. తన రాజ్యమునందే కాక, సరిహద్దులకు ఆవల చోళ పాండ్యాది దేశములందును ఇట్లే చేయించితినని చెప్పినాడు. మనుష్యులకు, పశువులకు ఉపయోగించు ఓషధులు ఎచ్చట లేవో అచ్చటికి తెప్పించి నాటించినాడు. దారులవెంట బావులు త్రవ్వించి, చెట్లు పెంచినాడు. మన కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడి బండలపై ఈ శాసనము నేటికిని చూడవచ్చును. పశుచికిత్స ఒక శాస్త్రముగా కూడ ఈ దేశమున వర్ధిల్లినది. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము, పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదము ప్రసిద్ధములు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించినాడు.

రాజ్యములు మారినను ఈ ఆచారము నశింపలేదు. గుర్జరదేశమున వర్తకులు దానిని తమ భుజములపైకి ఎత్తుకొనిరి. ఇందు జైనుల స్థానము అగ్రగణ్యము. పింజరాపోలు అను పేర వెలసిన ఆ శరణాలయములకు వర్తక మహాజన సంఘములు తమ వ్యాపారముపై కొంత రుసుము విధించుకొని ద్రవ్యము సమకూర్చెడివి. 16వ శతాబ్దపు చివరిభాగమున ఇచ్చటికి వచ్చిన ఆంగ్లవర్తకుడు రాల్ఫ్ ఫిచ్, ఖంభాతు నగరమున కుంటి కుక్కలకు, పిల్లులకు, పక్షులకు వైద్యశాలలున్నవని వ్రాసినాడు. 1623లో అదే నగరమును దర్శించిన ఇటలీ దేశీయుడు పియెత్రో దెల్లా వాల్లే పక్షుల చికిత్సాలయమును, కాళ్లు విరిగిన ఆవులను దూడలను పోషించు శాలను కన్నులార చూచినాడు. తల్లిలేని ఎలుక పిల్లలకు ఒక వృద్ధుడు పక్షి ఈకతో పాలు పట్టుచుండుట చూచి విస్మితుడైనాడు. ఆ పిల్లలవలన ఆ వృద్ధునకు కలుగు లాభమేమి? ఏమియు లేదు. ఈ ఆచారపు మహత్త్వము అచ్చటనే తెలియుచున్నది.

ఇక ముంబాపురి వృత్తాంతము. 1832లో అచ్చటి ఆంగ్లప్రభుత్వము వీధికుక్కలను చంపింపబూనగా, శునకమును పవిత్రముగా భావించు పారసీకులు తిరుగబడిరి. అంగళ్లు మూతపడి నగరము స్తంభించినది. తదనంతరము 1834లో పారసీక ప్రముఖుడైన జంషెడ్జీ జీజీభాయి, ఇతర వర్తకశ్రేష్ఠులతో కూడి అచ్చట పింజరాపోలును స్థాపించినాడు. వేర్వేరు మతములవారు ఒక మూగప్రాణి నిమిత్తము ఏకమగుట మన చరిత్రలో స్మరణీయమైన ఘట్టము.

నేటి స్థితి ఎట్లున్నది? అర్చకవృత్తిలో ఉన్న మావంటివారికి ఇది నిత్యానుభవము. కాలు విరిగిన ఆవుకు పసుపు కుంకుమలు పూసి, గోదానమని సంకల్పము చెప్పించుకొని, ఆలయ ప్రాంగణమున విడిచి పోవువారున్నారు. వాహనము తగిలి నడుము పడిపోయిన పెంపుడు కుక్కను రాత్రివేళ గోపురద్వారము వద్ద దింపి పోవువారున్నారు. దేవుడు చూచుకొనునని వారి సమాధానము. ఇది వాజశ్రవసుని దానమునకు నవీన రూపము. ఆ ప్రాణిని దేవుడు ఎవరి ఇంటికి పంపినాడో ఆ ఇంటివారి చేతులతోనే దానిని చూచుకొనదలచినాడని మేము వారికి విన్నవించుచుందుము. రాజశాసనము కూడ ఇదియే చెప్పుచున్నది. ఆకలిదప్పులతో బాధపడు స్థితిలో ప్రాణిని అకారణముగా విడిచిపెట్టుట, వికలాంగమైన తన పశువును వీధిలో చావనిచ్చుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరములు.

ఇంటనుంచుకొని సేవించుట అసాధ్యమేమియు కాదు. మూడు కాళ్ల కుక్క కొలది కాలములోనే పరుగిడ నేర్చును. చూపు పోయిన కుక్కకు ఇంటిలోని సామానుల స్థానము, నీటిపాత్ర స్థానము మార్చకున్న చాలును. తాకుటకు ముందు పేరుపెట్టి పిలిచిన బెదరదు. వెనుక కాళ్లు చచ్చుపడిన దానిని కొన్ని గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పుచు, పొడిగా మెత్తగా ఉన్న పడకపై ఉంచవలెను. లేనిచో పుండ్లు పడును. మూత్రము తనంతట విడువలేని దానికి పొట్టను మెల్లగా నొక్కి విడిపించు విధానమును పశువైద్యుడు నేర్పును. నడుమునకు కట్టు చక్రాల బండ్లు కూడ ఇప్పుడు లభించుచున్నవి. లేవలేని ఆవుకు సైతము మెత్తని గడ్డిపఱుపు, ప్రక్క మార్చుట, నోటికందు నీరు ప్రధానములు. మన గృహ్యధర్మములలో శుశ్రూష అను మాటకు అర్థము ఇదియే.

శ్రీమద్భాగవత ప్రథమస్కంధమున పరీక్షిన్మహారాజు సరస్వతీతీరమున ఒంటికాలిపై నిలిచి వణకుచున్న వృషభమును, దానిని కొట్టుచున్న కలిని చూచినాడు. ఆ వృషభము ధర్మదేవత యని నిశ్చయముగా ఎఱుగక మునుపే, ఆర్తమైన ప్రాణియని దానికి అభయమిచ్చినాడు. అది కోల్పోయిన మూడు పాదములు తపస్సు, శౌచము, దయ. పిదప రాజు వాటిని తిరిగి నిలిపినాడు. ఆ కథను పురాణ ప్రవచనమున విని భక్తితో తలయూచు మనము, ఇంటికి మరలిన పిమ్మట మన వాకిట కుంటుచున్న ప్రాణికి ముందుగా నీరు పోయుదుము గాక.

స్వస్తి.