తేయాకు తోటల నోళ్లు చెప్పిన చరిత్ర

చిగుళ్ల జబ్బు వైద్యానికి యూరప్ నిపుణులు 2020లో మెట్లమెట్లుగా ఒక మార్గదర్శకం ఇచ్చారు. మొదట నోటి శుభ్రత నేర్పాలి, పొగాకు మాన్పించాలి. తర్వాత చిగురు లోపలి గార తీయాలి. తగ్గకపోతే ఆపరేషన్. ఆపైన మూడు నెలలకో, కనీసం ఏడాదికో పరీక్ష. శాస్త్రంగా సరైనదే. కానీ పళ్ల డాక్టరు లేని మండలంలో కూలి పోగొట్టుకుని అన్నిసార్లు పట్నం ఎవరు పోగలరు?

ఈ ప్రశ్న వెనక ఒక చరిత్ర ఉంది. వైద్యమే అందకపోతే ఈ జబ్బు ఎలా ముదురుతుంది? నార్వేకు చెందిన హారల్డ్ లోయె బృందం 1970లో శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది మగ కూలీల నోళ్లు పరీక్షించింది. 1985 దాకా మళ్లీ మళ్లీ చూసింది. వాళ్లకు బ్రష్ అలవాటు లేదు, దంతవైద్యం అందుబాటులో లేదు. ఆ లేమే పరిశోధనకు పనికొచ్చింది.

1986లో అచ్చయిన పత్రం వాళ్లను 'శ్రీలంక శ్రామికులు' అంది. ఎవరు వాళ్లు? తెల్లదొరల తోటల కోసం తమిళనేల నుంచి తరలించినవాళ్ల వారసులు. ఆ తోటల కూలీల్లో ఎక్కువమంది పళ్లర్, పరయర్, చక్కిలియర్ కులాలవాళ్లు. చక్కిలియర్లలో చాలామంది ఇంటి భాష తెలుగే. 1948 చట్టం తోట కూలీలకు పౌరసత్వం లేకుండా చేసింది. 1964 ఒప్పందంలో రెండు ప్రభుత్వాలు వాళ్లను లెక్కగట్టి పంచుకున్నాయి. ఏ దేశమూ తనవాళ్లనుకోని మనుషుల నోళ్లు ప్రపంచానికి పాఠమయ్యాయి.

ఆ పాఠం ఏమిటి? 8 శాతం మందిలో జబ్బు వేగంగా ముదిరింది. 45 ఏళ్లకు దాదాపు పళ్లన్నీ పోయాయి. 81 శాతం మందిలో నెమ్మదిగా నడిచి, ఆ వయసుకు సగటున ఏడు పళ్లు తీసుకుపోయింది. 11 శాతం మందిలో చిగుళ్ల వాపు దాటి ముందుకు పోలేదు.

అంటే తక్కువ వనరులతో ఏం చేయాలో అక్కడే ఉంది. స్పెషలిస్టు అవసరం ముందుగా ఆ 8 శాతానికి. వాళ్లను చిన్న వయసులోనే గుర్తించాలి. మొదటి మెట్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే సాధ్యం. గార తీయడానికి శిక్షణ పొందిన డెంటల్ హైజీనిస్టు చాలు. మన 1948 దంతవైద్యుల చట్టంలోనే ఆ ఉద్యోగికి చోటు దొరికింది. మరి మన ఆసుపత్రుల్లో ఎందుకు కనబడడు?

'పేదలకు ఇది ఆచరణ సాధ్యం కాదు' అనే మాట వినగానే నమ్మకండి. ఏడు పళ్లు పోవడం చిన్న సంగతి కాదు. జ్ఞానం మనవాళ్ల నోటి నుంచి తీసుకున్నారు; వైద్యం మన వాడ దాకా రావాలని అడగడం దానం అడగడం కాదు, బాకీ అడగడం.

జై భీమ్.