ద్రాక్షపందిళ్ల నేలలో యువజనుల తోటపని

రాజుల యుద్ధములు, సంధులు మన గ్రంథాలయపు బీరువాలలో గలవు. తోటల చరిత్ర వ్రాసియుంచినవారు మాత్రము తక్కువ. కావున ఈ రజతోత్సవ సంచికలో యువజనులు పండ్లను, కూరగాయలను, పప్పుగింజలను పండించు ప్రయత్నముల చరిత్రను, నేడు హైటెక్ సిటీగా పేరొందిన ప్రాంతమునకు అందువలన కలుగగల మేలును చదువరులకు విన్నవించుచున్నాను.

హైదరాబాదు పరిసరములు ఒకనాడు ద్రాక్షకు పేరొందినవి. 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ గారు ‘అనాబ్-ఎ-షాహీ’ రకమును ఇచట ప్రవేశపెట్టిరని ప్రసిద్ధి. రాచద్రాక్ష యని దాని యర్థము. ఈ తీగకు ఏటేట రెండు కత్తిరింపులు గలవు: వేసవిలో కొమ్మ కొరకు, అక్టోబరు ప్రాంతమున కాయ కొరకు. ఏ కొమ్మకు ఎన్ని కన్నులు విడువవలెనో తోటమాలి వ్రేళ్లకే తెలియును. భూమి వెల పెరిగెను, భూగర్భజలము తగ్గెను, పందిళ్లు క్రమముగా తొలగెను. 1998 నవంబరు 22న మాదాపురమున సైబర్ టవర్సును ప్రధానమంత్రి వాజపేయి గారు ప్రారంభించిరి. పిదప కొండాపురము, గచ్చిబౌలి మేడలతో నిండినవి. మేడలు వచ్చుట తప్పు గాదు. వేలమందికి అన్నము పెట్టినవి. కాని పందిరితోబాటు ఆ వ్రేళ్ల విద్యయు పోయినచో దానిని ఏ ధనమును తిరిగి తేజాలదు.

పల్లెపిల్లలు చదువు నేర్చి సేద్యమునకు దూరమగుచున్నారను చింత అమెరికాలోను కలిగినది. 1902లో ఒహాయో రాష్ట్రమున గ్రాహం అను పాఠశాలాధికారి బాలబాలికల సేద్యసంఘమును స్థాపించెను. 1910లో సౌత్ కరొలినాలో మేరీ క్రోమర్ అను ఉపాధ్యాయిని బాలికలచే టమాటా సంఘము పెట్టించెను. ఒక్కొక్క బాలికకు ఎకరములో పదవవంతు నేల. దాని సాగును, దాని లెక్కయు ఆ బాలికవే. ఇట్టి సంఘములనుండియే ఫోర్-హెచ్ ఉద్యమము పెరిగినది.

మన దేశమున 1937లో వార్ధా సభ మూలవిద్యను ప్రతిపాదించినది. దాని పాఠ్యప్రణాళికను రచించిన సంఘమునకు అధ్యక్షులు డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారు. వారు 1897లో హైదరాబాదు నగరముననే జన్మించి, 1967లో రాష్ట్రపతియైన మహనీయులు. వడకుట, నేత, వడ్రంగములతోబాటు పండ్లతోట, కూరతోట పనిని గూడ ఆ సంఘము మూలవృత్తిగా చేర్చినది. చేయి చేయుచుండగా బుద్ధి కారణమును అడుగవలెననుట దాని సారము. 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజవికాస పథకమును గ్రామ యువజన సంఘములను ప్రోత్సహించినది.

నేల లేదనుట నేటి యువకుల సాకు. మిద్దెపై సంచులలో వంగ, టమాటా, తోటకూర పెంచు కుటుంబములు ఆ మేడల నడుమనే గలవు. గింజలలో వేరుసెనగను చూడుడు. పూవు నేలపైన పూచును; పిందెమోసిన ఊడ మట్టిలోనికి దిగి అచట కాయ కట్టును. మట్టి గుల్లగా లేనిచో ఊడ దిగదు. ఒక సంచిలో నాలుగు గింజలు నాటిన బాలునికి ఈ సంగతిని ఎవరును బోధింప నక్కరలేదు. ఈ పంటపై పరిశోధన చేయు ఇక్రిశాట్ సంస్థ 1972లో వెలసినది ఆ చేరువనున్న పటాన్‌చెరువుననే.

లెక్కలు వ్రాయు వృత్తిలో ముదిసినవాడను గనుక ఒక్క మనవి చేయుచున్నాను. మన గ్రంథాలయమువారు ప్రతి బాలునకు, ప్రతి బాలికకు ఒక మడిని, ఒక పుస్తకమును ఒప్పగింపవలెను. విత్తిన దినము, పోసిన నీరు, పట్టిన తెగులు, కోసిన తూకము, వచ్చిన రూకలు — అన్నియు వారి చేతనే వ్రాయింపవలెను. ఏడాది తిరిగినంతనే ఆ పుస్తకములను ఈ బీరువాలలోనే భద్రపరుపవలెను. ద్రాక్షతోటల కట్టి లెక్క యుండినచో నేడు మన పిల్లలు దానిని చదివి తీగ కత్తిరింపగలిగెడివారు. స్వర్ణోత్సవమునాడు వచ్చువారికైనను ఆ లోటు లేకుండుగాక.