యాంటీవైరల్ మందులు ఎలా పనిచేస్తాయి? మధ్యలో మానేస్తే ఏమవుతుంది?

వైరస్ తనంతట తాను పెరగలేదు. మన శరీర కణంలోకి దూరి, ఆ కణంతోనే తన నకళ్లు తీయించుకుంటుంది. యాంటీవైరల్ మందుల్లో చాలావరకు వైరస్‌ను నేరుగా చంపవు, అది పెరగకుండా, పాకకుండా అడ్డుకుంటాయి. మిగతా పని రోగనిరోధక శక్తిదే.

అందుకే త్వరగా మొదలుపెట్టడం ముఖ్యం. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్‌ను లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు, సర్పికి ఇచ్చే ఎసైక్లోవిర్‌ను 72 గంటల్లోపు మొదలుపెడితే మంచి ఫలితం ఉంటుంది. మామూలు జలుబుకు ఇవేవీ పనికిరావు. యాంటీబయాటిక్స్ అయితే ఏ వైరస్ మీదా పనిచేయవు.

హెపటైటిస్ సి చాలామందికి 12 వారాల కోర్సుతో పూర్తిగా నయమవుతుంది. హెచ్ఐవీ, హెపటైటిస్ బి మందులు మాత్రం వైరస్‌ను అణచి ఉంచుతాయంతే. హెచ్ఐవీ మందులు ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు.

సైడ్ ఎఫెక్ట్స్ మందును బట్టి ఉంటాయి. ఒసెల్టామివిర్‌తో వికారం, వాంతులు రావచ్చు. ఎసైక్లోవిర్ వాడేటప్పుడు నీళ్లు బాగా తాగకపోతే కిడ్నీలకు ఇబ్బంది. హెచ్ఐవీకి, హెపటైటిస్ బికి వాడే టెనోఫోవిర్ ఏళ్ల తరబడి తీసుకుంటే కిడ్నీలు, ఎముకలపై ప్రభావం పడొచ్చు కాబట్టి పరీక్షలు తప్పవు.

ఒంట్లో బాగుందని మధ్యలో ఆపేస్తే అసలు ప్రమాదం. హెచ్ఐవీ మందులకు లొంగకుండా పోవచ్చు, హెపటైటిస్ బి ఒక్కసారిగా తిరగబెట్టి లివర్‌ను దెబ్బతీయొచ్చు. రంజాన్‌లో రోజా ఉండేవాళ్లు మాత్ర మానకూడదు. రోజుకు ఒక్కసారి వేసుకునేదైతే ఇఫ్తార్‌కో సహరీకో మార్చుకోవచ్చా అని ముందే డాక్టర్‌ను అడగాలి.