ప్రభువు కాపుదల అనే ఊరు



ఈస్టరు నాడు ఇంకా చీకటి ఉండగానే మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల విశ్వాసులు కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్తారు. అంతకుముందే ముళ్ళకంప కొట్టేసి, సమాధులకు సున్నం వేసి ఉంచుతారు. ఇలా సమాధుల మధ్య వేకువ ఆరాధన 1732లోనే జర్మనీలో హెర్న్‌హుట్ అనే చిన్న ఊళ్లో జరిగింది. ఆ పేరుకు ప్రభువు కాపుదల అని అర్థం.

నేటి చెక్ దేశంలోని మొరేవియాలో హింస తట్టుకోలేక కొన్ని విశ్వాసి కుటుంబాలు సాక్సనీకి పారిపోయి వచ్చాయి. జిన్జెన్‌డార్ఫ్ అనే జమీందారు తన భూమిలో చోటిచ్చాడు. 1722 జూన్ 17న క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి మొదటి చెట్టు కొట్టాడు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే మనవాళ్లకు ఈ సంగతి చెబితే సంతోషిస్తారు. ఐదేళ్లు తిరక్కుండానే ఊళ్లో తగవులు పుట్టాయి. 1727 ఆగస్టు 13న ప్రభురాత్రి భోజనం దగ్గర సమాధానపడ్డారు. ఆ నెలలోనే వంతులవారీగా రాత్రింబవళ్లు మొదలుపెట్టిన ప్రార్థన నూరేళ్లు సాగింది. 1732లో ఒక కుమ్మరి, ఒక వడ్రంగి అక్కడినుంచి కరీబియన్ దీవుల్లోని బానిసలకు సువార్త చెప్పడానికి బయలుదేరారు.

వాళ్లను ఆదర్శంగా చూపుతూ విలియం కేరీ 1792లో రాశాడు. 1840లో డే దొరగారు నెల్లూరు వచ్చారు. 1854 జనవరి 1 వేకువన జువెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండమీద మోకరించారు. మన సంఘాలు ఆ ప్రార్థన పిల్లలే.

హెర్న్‌హుట్ సమాధుల తోటలో రాళ్లన్నీ నేలకు ఆనించి, ఒకే తీరుగా ఉంటాయి. కుటుంబాల వరుస లేదు, మరణించిన వరుసే. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. జిన్జెన్‌డార్ఫ్ ఇంటివారి సమాధులు మాత్రం మధ్యలో ఎత్తుగా కట్టారు. జమీందారీ అక్కడా పూర్తిగా పోలేదన్నమాట! 2024లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వంలో చేర్చింది.

మన దగ్గర రెండు పల్లెలకు రెండు తోటలు, మధ్యలో కంప. బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచినవాళ్లను మట్టిలో విడదీస్తున్నాం. పాదిరిగా ఎన్నో భూస్థాపనలు మేమే జరిపించాం, ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఒక కుటుంబం చలువరాతి మంటపానికి ముగ్గురికి సరిపడే స్థలం అడుగుతోంది. కాదంటే నొచ్చుకుంటారని తెలుసు.

వచ్చే ఆదివారం ఆరాధన కాగానే రెండు తోటల్లో మిగిలిన నేల కొలుస్తాం. టేపు మా దగ్గరుంది. రెండు పల్లెల పెద్దలూ రావాలి, కంప కొట్టడానికి కత్తులు తెచ్చుకోండి.