‘సంబంధం లేదు’ అన్న నివేదికను ఎలా చదవాలి?

బోరు నీళ్లకూ, ఆ నీళ్లు తాగే వాడలో వంకర్లు పోతున్న కాళ్లకూ సంబంధం ఉందా అని సర్వే చేస్తారు. చివర్లో ‘చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు’ అని రాస్తారు. పరిహారం అడిగే దారి ఆ ఒక్క వాక్యంతో మూసుకుపోతుంది. అప్పుడు మనం మొదట అడగాల్సింది ఒకటే: ఎవరి ఒంట్లోకి ఎంత పోయిందో ఎలా కొలిచారు?

ఫ్లోరైడ్, పురుగుమందు, రాతిదుమ్ము వంటివాటికి మనిషి ఎంత మోతాదులో గురయ్యాడన్నదే ఎపిడెమియాలజీలో ఎక్స్‌పోజర్. దాని అసలు విలువ దాదాపుగా దొరకదు. ఒక్కసారి పట్టిన శాంపిల్‌తోనో, గుర్తు తెచ్చుకుని చెప్పిన జవాబుతోనో సరిపెడతారు. అసలు విలువకూ ఈ కొలతకూ ఉన్న తేడాయే కొలత దోషం.

దోషాల రకాలు

క్లాసికల్ దోషంలో కొలత అసలు విలువకు అటూ ఇటూ ఊగుతుంది. సాధారణంగా ఇది సంబంధాన్ని ఉన్నదానికంటే బలహీనంగా చూపిస్తుంది. చార్లెస్ స్పియర్‌మన్ 1904లోనే దీనికి దిద్దుబాటు సూత్రం ఇచ్చాడు.

గుంపు సగటును అందులోని అందరికీ వేస్తే వచ్చేది బెర్క్‌సన్ దోషం. 1950లో జోసెఫ్ బెర్క్‌సన్ దీన్ని వివరించాడు. సరళరేఖ నమూనాలో ఇది వాలును మార్చదు, అంచనాలో కచ్చితత్వాన్ని తగ్గిస్తుంది.

జబ్బు ఉన్నవాళ్లు ఒకలా, లేనివాళ్లు మరోలా గుర్తు చేసుకుంటే వచ్చే దోషం ఫలితాన్ని ఎటైనా లాగగలదు.

దిద్దే పద్ధతులు

కొందరిని మళ్లీ మళ్లీ కొలిస్తే, కనబడే మొత్తం వేరియన్స్‌లో మనుషుల మధ్య అసలు తేడాల వాటా ఎంతో తెలుస్తుంది. ఆ వాటా 0.5, కనబడిన వాలు 0.4 అనుకుందాం. దిద్దిన వాలు 0.4 ÷ 0.5, అంటే 0.8. కొందరిని మేలైన పద్ధతిలో కొలిచి, దాన్నిబట్టి మిగతావారి అసలు విలువను అంచనా కట్టడం రిగ్రెషన్ కాలిబ్రేషన్. రోస్నర్, విల్లెట్, స్పీగల్‌మన్ 1989లో దీన్ని ఎపిడెమియాలజీకి అన్వయించారు. కుక్, స్టెఫాన్‌స్కీ 1994లో ఇచ్చిన సిమెక్స్‌లో కావాలనే మరింత దోషం కలుపుతూ పోతారు. సంబంధం ఎలా తగ్గుతోందో చూసి, ఆ గీతను దోషం లేని చోటికి వెనక్కి పొడిగిస్తారు.

ఈ తేడా చిన్నది కాదు. రక్తపోటుకూ గుండెజబ్బు, పక్షవాతాలకూ ఉన్న సంబంధాన్ని 1990లో ఇలా దిద్దితే, అంతకుముందు అంచనాలకంటే అది దాదాపు 60 శాతం బలంగా తేలింది.

సూత్రం దిద్దలేనిది

దిద్దుబాటు మంత్రం కాదు. అంచనా పెరిగితే దాని చుట్టూ అనిశ్చితి కూడా పెరుగుతుంది. బెర్క్‌సన్ లెక్క నిలవాలంటే ఆ సగటు ఆ మనుషులదే అయ్యుండాలి. ఊరి బావుల్లో శాంపిల్స్ పట్టి, ఆ సగటును వాడకు వేస్తే అది బెర్క్‌సన్ దోషం కాదు, ఒకవైపే మొగ్గిన తప్పు. వాడ నీళ్లు ఎవరూ కొలవకపోతే ఏ సూత్రమూ దాన్ని సరిచేయలేదు.

కాబట్టి నివేదిక చేతికొస్తే మూడు ప్రశ్నలు వేద్దాం. శాంపిల్ ఎక్కడ పట్టారు? ఎన్నిసార్లు పట్టారు? దోషాన్ని దిద్దారా, లేదా? వీటికి జవాబు లేనప్పుడు ‘సంబంధం కనబడలేదు’ అన్న మాటకు ‘సంబంధం లేదు’ అన్న అర్థం రాదు.